ఒకే ముఖంలో రెండు వయసులు: ఒక కేసు వివరాలు

ఈ కేసులో నేను రెండుసార్లు పొరబడ్డాను. మొదటిసారి, నా దగ్గరికి వచ్చిన ఒకామె చర్మం ముదరడానికి కారణమంతా ఒంట్లోనే ఉందనుకున్నాను. రెండోసారి, కారణమంతా బయటే ఉందనుకున్నాను. రెండు అంచనాల్లోనూ సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని పట్టుకుని వైద్యం చేసినందుకు ఆమె మూడు నెలలు అదనంగా ఇబ్బంది పడ్డారు. ఇలాంటి కేసులు చర్మవైద్యులం మనందరి దగ్గరికీ వస్తాయి కాబట్టి, ఏ మలుపులో ఏమనుకుని ఏం చేశానో వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే అవకాశం ఉన్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆమెకు 49 ఏళ్ళు. లెక్కలు చూసే ఉద్యోగం, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో కుర్చీలోనే. చామనఛాయ. ఎండ తగిలితే కందిపోవడం తక్కువ, నల్లబడడం ఎక్కువ. ఫిట్జ్‌పాట్రిక్ కొలత ప్రకారం నాలుగో రకం చర్మం. ఆమెకు గానీ ఇంట్లోవాళ్ళకు గానీ పొగతాగే అలవాటు లేదు. బీపీ, షుగర్ లేవు. ఏడాదిన్నరగా నెలసరి క్రమం తప్పింది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయి, రాత్రి రెండు మూడుసార్లు చెమటతో మెలకువ వస్తోంది. అంతకుముందు ఏడాది తిండి తగ్గించి, నడక పెంచి 9 కిలోలు బరువు తగ్గారు. ఈ చివరి సంగతిని ఆమె సంతోషంగా చెప్పారు, నేను కేసు షీట్‌లో ఒక మూల రాసుకుని వదిలేశాను.

ఆమె బాధ ఏమిటంటే, మూడేళ్ళలో పదేళ్ళ వయసు మీద పడ్డట్టు కనిపిస్తోందని. "అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది డాక్టర్ గారూ. ఇద్దరం పక్కపక్కన నిలబడితే తనే నా చెల్లెలనుకుంటున్నారు" అన్నారు. చెబుతున్నప్పుడు గొంతు కాస్త పూడుకుపోయింది. నేను ఓదార్చాను. ఆ మాటలో ఆమె బాధ వినబడింది గానీ, అందులోనే ఉన్న వైద్య సమాచారం నాకు వినబడలేదు. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, నాలుగేళ్ళు పెద్దదైన అక్క చర్మం బాగుండి చెల్లెలిది ముదిరిందంటే, వంశపారంపర్యం ఒక్కటే దీన్ని వివరించకపోవచ్చు. ఇద్దరి జీవితాల్లో బయట ఏదో తేడా ఉండి ఉండవచ్చు. ఆ ప్రశ్న ఆ రోజే అడగాల్సింది.

మొదటి రోజు

పరీక్ష చేస్తే ముఖం పొడిగా, కాంతి లేకుండా ఉంది. కంటి చివర్లలో గీతలు, చెంపల మీద గోధుమరంగు మచ్చలు, ముక్కు పక్క నుంచి నోటి చివరికి దిగే మడతలు, దవడ దగ్గర కొద్దిగా జారిన చర్మం. సాయంత్రమయ్యేసరికి దురద కూడా వస్తోందన్నారు.

వాడుతున్నవన్నీ తెమ్మని ముందే ఫోన్లో చెప్పించాం కాబట్టి ఒక సంచి నిండా తెచ్చారు. మన దగ్గర ఈ పని తప్పకుండా చేయాలి, ఎందుకంటే తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే అదే చర్మాన్ని పల్చబరిచి, సన్నని రక్తనాళాలు పైకి కనిపించేలా చేసి, వయసు మీద పడ్డట్టు చూపిస్తుంది. ఈమె సంచిలో స్టెరాయిడ్ ఏదీ లేదు. ఒక నైట్ క్రీము, కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్) పొడి డబ్బా, సన్‌స్క్రీన్ ట్యూబు, విటమిన్ సి సీరం సీసా. సీరం టీ డికాషన్ రంగులోకి మారిపోయి ఉంది. విటమిన్ సి గాలికీ వెలుతురుకూ ఆక్సీకరణ చెంది ఇలా ముదురు రంగు తిరుగుతుంది, ఆ స్థితిలో దానివల్ల ప్రయోజనం ఉండదు. అది పారేయమన్నాను. కొల్లాజెన్ పొడి గురించి అడిగారు. నోటితో తీసుకున్న కొల్లాజెన్ కడుపులో చిన్న చిన్న ముక్కలుగా అరిగిపోతుందని, అది నేరుగా వెళ్ళి చెంపలో అతుక్కోదని చెప్పాను. తేమ విషయంలో కాస్త మేలు చూపించిన చిన్న అధ్యయనాలు ఉన్నాయి కాబట్టి మానేయమని పట్టుబట్టలేదు, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నాను.

ఎండలో ఎంతసేపు ఉంటారని అడిగాను. "నేను ఎండలోకే వెళ్ళను డాక్టర్ గారూ. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులో ఉంటాను, సాయంత్రం ఆరింటికి బయటికొస్తాను" అన్నారు. సన్‌స్క్రీన్ రాస్తున్నారా అంటే రోజూ రాస్తున్నానన్నారు. రెండు జవాబులూ నిజమే. నా ప్రశ్నలే సరిగా లేవు.

మొదటి అంచనా ఎందుకు అలా వేశాను

ఎండ లేదు, పొగ లేదు, స్టెరాయిడ్ లేదు. వయసు 49, నెలసరి ఆగిపోయే దశ, ఒంటి ఆవిర్లు, నిద్ర లేమి. ఇన్ని ఒకేచోట కనిపిస్తే లోపలి కారణమే అనిపించడం సహజం. లోపలి నుంచి వచ్చే ముదురుదనానికి ఒక పద్ధతి ఉంది. యౌవనం దాటినప్పటి నుంచి చర్మంలో కొల్లాజెన్ ఏటా దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. పైపొర కణాలు కిందినుంచి పైకి చేరి రాలిపోవడానికి యౌవనంలో సుమారు నాలుగు వారాలు పడితే, వయసు పెరిగేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. నూనె గ్రంథులు మందగిస్తాయి. పైపొరకూ కింది పొరకూ మధ్య అలలు అలలుగా ఉండే అతుకు చదునవుతుంది, దాంతో పట్టు తగ్గి చిన్న రాపిడికే చర్మం దెబ్బతింటుంది. స్త్రీలలో ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయినప్పుడు ఇదంతా ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. నెలసరి ఆగిన మొదటి ఐదేళ్ళలోనే చర్మంలో కొల్లాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందని అంచనా. మూడేళ్ళలో పదేళ్ళు ముదిరిపోయానని ఆమె అంటే నమ్మడానికి ఇది సరిపోయింది.

థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాను. పొడిబారిన చర్మం, అలసట ఉన్న ఈ వయసు స్త్రీకి థైరాయిడ్ చూడకుండా ముఖానికి క్రీములు రాయడం నాకు నచ్చదు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ కొద్దిగా తక్కువ, దానికి మందు మొదలైంది. గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. ముఖానికి నురగ తక్కువ ఇచ్చే క్లెన్సర్, సెరమైడ్లు (చర్మంలో తేమను నిలిపే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ రాసిచ్చి ఆరు వారాలకు రమ్మన్నాను.

ఆరు వారాలకు దురద పోయింది. పొడిదనం చాలావరకు తగ్గింది. మచ్చలు, గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. లోపలి కారణమైతే ఆరు వారాల్లో గీతలు పోవాలని నేనేమీ అనుకోలేదు. అందుకని ఇదే కొనసాగించమని చెప్పి పంపబోయాను.

కిటికీ

లేచి వెళ్ళబోతూ ఫోన్ తీసి, ఐదేళ్ళ కిందటి ఫొటో చూపించారు, అప్పుడు ఎలా ఉండేదాన్నో చూడండి అని. కుడివైపు నుంచి తీసిన ఫొటో. ఇప్పటిది చూపించమన్నాను. అదీ కుడివైపు నుంచే. ఇంకో నాలుగు చూశాను, అన్నీ కుడివైపు నుంచే. "ఎడమవైపు నుంచి బాగా రాను. అందుకే ఎప్పుడూ ఇటే తిరుగుతాను" అన్నారు.

అప్పుడు మళ్ళీ కూర్చోబెట్టాను. మొదటి రోజు నేను ఆమె ముఖాన్ని ఎదురుగా కూర్చుని, పైకప్పు ట్యూబ్‌లైట్ వెలుగులో చూశాను. పైనుంచి సమానంగా పడే వెలుతురు ఎత్తుపల్లాలను దాచేస్తుంది. ఈసారి గది లైటు ఆపేసి, చిన్న టార్చ్ చెవి పక్కన పెట్టి, వెలుగు చెంప మీదుగా అడ్డంగా పడేలా చూశాను. కుడి చెంప మీద కంటి చివర సన్నని గీతలు, అక్కడక్కడా మచ్చలు. ఎడమవైపు టార్చ్ పెట్టగానే తేడా తెలిసిపోయింది. కంటి చివర గీతలు లోతుగా, కణత దాకా పాకి ఉన్నాయి. చెంప ఎముక మీద చర్మం కాస్త దళసరిగా, పసుపు ఛాయలో, గరుకుగా ఉంది. మచ్చలు లెక్కపెట్టాను: కుడివైపు 5, ఎడమవైపు 14.

తర్వాత మోచేతి పైన, బాహువు లోపలివైపు చూశాను. ఆ చోటు ఎప్పుడూ ఒంటిని ఆనుకుని, బట్ట చాటున ఉంటుంది. అక్కడ చర్మం పల్చబడింది, వేళ్ళతో కొద్దిగా దగ్గరికి లాగితే కాగితం నలిగినట్టు సన్నని గీతలు పడుతున్నాయి. మచ్చ ఒక్కటీ లేదు, రంగు ఒకేలా ఉంది, గరుకుతనం లేదు. వయసూ హార్మోన్లూ కలిసి ఆమె చర్మానికి చేసిన పని అదంతే. ముఖం కుడివైపు అంతకంటే కొంచెం ఎక్కువ ముదిరింది. ఎడమవైపు దానికి రెండింతలు ముదిరింది. హార్మోన్లు రక్తంలో తిరుగుతాయి, కుడి ఎడమలు ఎంచవు. ఒక పక్కకే జరిగిన నష్టం బయటినుంచి రావాల్సిందే.

పక్కల తేడాకు వేరే కారణాలూ చూశాను. ఎప్పుడూ ఒకే వైపు తిరిగి పడుకునేవారికి ఆ పక్క మడతలు ఎక్కువగా పడతాయి. ఈమె కుడివైపు తిరిగి పడుకుంటారు, కాబట్టి అది ఎడమవైపు తేడాను వివరించదు. ఎడమ చెంప మీద ఒక మచ్చ మిగతావాటికంటే పెద్దదిగా, ముదురుగా ఉంది. మచ్చలన్నిటినీ ఒకే గాటన కట్టి రంగు తగ్గించే క్రీము రాసివ్వడం ప్రమాదం. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూస్తే తెల్లని చిన్న గింజల్లాంటి గుర్తులు, స్పష్టమైన అంచు కనిపించాయి. అది సెబోరిక్ కెరటోసిస్, వయసుతో వచ్చే హానిలేని పెరుగుదల. అనుమానించదగింది ఏమీ లేదు కాబట్టి బయాప్సీ అవసరపడలేదు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. పగలు మీరు కూర్చునే చోట వెలుతురు ఎటునుంచి వస్తుంది?

"ఎడమ పక్కన కిటికీ ఉంది. పెద్ద అద్దం. ఎండ నేరుగా పడదు గానీ వెలుతురు బాగా ఉంటుందని ఆ సీటు నేనే అడిగి తీసుకున్నాను" అన్నారు. ఎన్నాళ్ళయింది అంటే, పదహారేళ్ళు.

మామూలు కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ రకాన్ని చాలావరకు ఆపేస్తుంది. చర్మం కందడానికి ముఖ్య కారణం యూవీబీ కాబట్టి, అద్దం వెనక కూర్చున్నవారికి కందడం, మండడం ఉండవు. ఎండ తగలడంలేదని వాళ్ళు అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే యూవీఏ కిరణాల్లో చాలా భాగం అదే అద్దం గుండా లోపలికి వస్తుంది. అవి యూవీబీ కంటే లోతుగా, కొల్లాజెన్, సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ ఉండే కింది పొర దాకా వెళతాయి. అతినీలలోహిత కిరణాలు చర్మం కందనంత తక్కువ మోతాదులో పడినా, కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములు చర్మంలో పెరుగుతాయని 1990ల పరిశోధనల్లోనే తేలింది. ఇలా రోజుకు కొంచెం చొప్పున ఏళ్ళ తరబడి జరిగితే ఎలాస్టిన్ నారలు ముద్దకట్టి, టార్చ్ వెలుగులో నేను చూసిన ఆ పసుపు దళసరితనం వస్తుంది. పైగా చామనఛాయ, నలుపు చర్మాలకు కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మచ్చలు ముదరడానికి దోహదం చేస్తుంది. మామూలు అద్దం దాన్ని ఆపదు.

2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ళ మనిషి, 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ సగం ముఖం మడతలు పడి వేలాడుతుంటే, కుడి సగం ఎంతో చిన్నవాడిలా ఉంటుంది. చర్మవైద్యుల్లో ఆ ఫొటో చూడనివారు అరుదు. నేనూ ఎన్నో చోట్ల చూపించాను. నా ఎదుట కూర్చున్న మనిషి ముఖంలో మాత్రం మొదటి రోజు చూడలేకపోయాను. ఆమె ముఖంలో తేడా అంత కొట్టొచ్చినట్టు లేదు, పైగా నేను పక్కనుంచి చూడనేలేదు.

సన్‌స్క్రీన్ సంగతి కూడా అప్పుడే తేలింది. ట్యూబు చేతిలోకి తీసుకుని బరువు చూశాను. 50 గ్రాముల ట్యూబు, కొని ఏడు నెలలయిందట, ఇంకా సగం ఉంది. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ రక్షణ బలం) అంకెను లెక్కగట్టేటప్పుడు చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి పరీక్షిస్తారు. ఆ లెక్కన ముఖానికి దాదాపు ఒక గ్రాము కావాలి. రోజుకు ఒక్కసారి రాసినా ఆ ట్యూబు 50 రోజుల్లో అయిపోవాలి. ఆమె ఏడు నెలల్లో 25 గ్రాములు వాడారు, అంటే రోజుకు దాదాపు పదో వంతు గ్రాము. రోజూ రాస్తున్నానన్న మాట అక్షరాలా నిజం. చర్మానికి దక్కిన రక్షణ మాత్రం చాలా తక్కువ.

రెండో తప్పు

కారణం దొరికింది కదా అన్న ఉత్సాహంలో వేగం పెంచేశాను. ఎండ వల్ల జరిగిన నష్టానికి ట్రెటినాయిన్ (విటమిన్ ఎ జాతికి చెందిన, చర్మానికి రాసే మందు) మనకున్న మందుల్లో బాగా పరీక్షకు నిలిచినది. 1980ల నుంచి దాని మీద అధ్యయనాలు ఉన్నాయి. ఆమె ఇంట్లో మూడు నెలల్లో ఒక వేడుక ఉంది, అప్పటికి కాస్త మెరుగ్గా కనిపిస్తే బాగుంటుందన్నారు. నాకూ మొదటి ఆరు వారాలు వృథా చేశానన్న బాధ ఉంది. ట్రెటినాయిన్ 0.05 శాతం ప్రతి రాత్రీ రాయమన్నాను. నాలుగు వారాలకు గ్లైకాలిక్ యాసిడ్ పీల్ (ఆమ్లం రాసి చర్మం పైపొరను ఊడదీయడం) చేద్దామని ప్లాన్ చేశాను. పీల్‌కు ముందు ఐదు రోజులు ట్రెటినాయిన్ ఆపమన్నాను, ఆమె ఆపారు.

పీల్ రోజున ముక్కు పక్కన, ఎడమ కన్ను కింద సన్నగా పొట్టు లేస్తూ ఉండడం చూశాను. మామూలుగా అయితే వాయిదా వేసేవాణ్ణి. వేడుక తేదీ గుర్తొచ్చింది. ఆ చోట్ల వ్యాసిలిన్ రాసి, తక్కువ సేపు ఉంచి చేశాను. ఆ నిర్ణయం నాది, ఆమె అడిగినందుకు చేశానని చెప్పుకోవడం సరికాదు.

మూడో రోజుకు ఎడమ చెంప ఎర్రబడి మండింది. పదో రోజుకు ఆ ఎరుపు తగ్గి, దాని చోట నల్లటి మరక పరుచుకుంది. చామనఛాయ చర్మంలో ఏ మంట వచ్చినా, అది చల్లారాక ఇలా రంగు మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వేడుకకు ఆమె ఆ మరకతోనే వెళ్ళారు.

ఎక్కడ తప్పింది? ఎండ దెబ్బను గుర్తించాక, లోపలి కారణాన్ని నేను మనసులో కొట్టేశాను. బాహువు లోపలి చర్మం పల్చబడిందని నా చేత్తో నేనే పరీక్షించి తెలుసుకున్నాను. ఈస్ట్రోజెన్ తగ్గి, తేమ నిలవక, రక్షణ పొర బలహీనపడిన చర్మం అది. నిద్ర సరిగా లేనప్పుడు ఆ పొర మళ్ళీ కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది. ముప్పై ఐదేళ్ళ చర్మం తట్టుకునే మోతాదును ఆ చర్మం మీద పెట్టాను. దేనికి మందు వేయాలో బయటి కారణం చెప్పింది, ఎంత నెమ్మదిగా వేయాలో లోపలి కారణం చెబుతోంది. నేను మొదటిదే విన్నాను.

ఆమెకు ఇది దాపరికం లేకుండా చెప్పాను. నా తొందర వల్ల జరిగిందని, ఈ మరక శాశ్వతం కాదని, కానీ తగ్గడానికి నెలలు పడుతుందని. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఇంక నెమ్మదిగానే చేద్దాం" అన్నారు.

మళ్ళీ మొదటి నుంచి

అన్నీ ఆపేశాం. తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ ఐదు రోజులు మాత్రమే, మంట ఆపడానికి. ఆ తర్వాత ఐదు వారాల పాటు క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ లేదు. ఏమీ చేయకుండా కూర్చోవడం ఆమెకూ నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ మంట పూర్తిగా చల్లారకుండా మరక మీద ఘాటైన మందు రాస్తే ఇంకో మరక వచ్చే ప్రమాదం ఉంది.

ఈలోగా కిటికీ పని చూశాం. బల్లను తిప్పి, కిటికీ వీపు వెనక వచ్చేలా జరిపించుకున్నారు. అద్దానికి యూవీ ఆపే ఫిల్మ్ వేయించుకున్నారు. సన్‌స్క్రీన్‌ను ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగులో ఉండే రకానికి మార్చాను. మామూలు వెలుతురును కూడా కొంతవరకు ఆపేది ఆ రంగే. ఎంత రాయాలో నోటితో చెప్పకుండా నా ముందే రాయించాను. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండి, ముఖం, మెడ మీద రాయాలి. మొదటిసారి ఆమె "ఇంతా!" అన్నారు. ఒకేసారి అంత రాస్తే పూసినట్టుంటుంది కాబట్టి సగం రాసి, ఆరనిచ్చి, మిగతా సగం రాయమన్నాను. ట్యూబు తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాసి పెట్టమన్నాను. తర్వాతి ట్యూబు 43 రోజుల్లో అయిపోయింది. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చిన అంకె అదే.

సన్‌స్క్రీన్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1990లలో జరిగి, 2013లో ఫలితాలు వెలువడిన అధ్యయనం ఉంది. 55 ఏళ్ళలోపు 903 మందిని తీసుకుని, కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, మిగతావారిని వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్ళ తర్వాత చూస్తే, రోజూ రాసినవారిలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. మధ్యవయసులో మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుందని రోగికి చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు.

ఆరో వారం నుంచి అజెలాయిక్ యాసిడ్ 15 శాతం, మొదట రోజు మార్చి రోజు. అది మరక రంగును తగ్గిస్తుంది, మంట పుట్టించే గుణం కాస్త తక్కువ. మరో నెల గడిచాక ట్రెటినాయిన్ మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి 0.025 శాతం, వారానికి రెండు రాత్రులు. ముందు మాయిశ్చరైజర్, అది ఆరాక శనగగింజంత ట్రెటినాయిన్, దాని మీద మళ్ళీ మాయిశ్చరైజర్. నాలుగు వారాల పాటు పొట్టు లేవకపోతేనే ఒక రాత్రి పెంచాలని నియమం పెట్టుకున్నాం. రాత్రి విడిచి రాత్రి రాసే స్థాయికి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. 0.05 కు మళ్ళీ వెళ్ళలేదు, వెళ్ళాల్సిన అవసరమూ కనిపించలేదు. పీల్ మళ్ళీ చేయలేదు.

గైనకాలజిస్టు ఆమెతో మాట్లాడి ఒంటి ఆవిర్లకు హార్మోన్ చికిత్స మొదలుపెట్టారు. చర్మం కోసం హార్మోన్లు వాడవచ్చా అని ఆమె నన్ను అడిగినప్పుడు, చర్మం ఒక్కదాని కోసం వాడకూడదని, ఆవిర్లూ నిద్రా ఇబ్బంది పెడుతున్నాయి కాబట్టి లాభనష్టాలు వాళ్ళు చూసి నిర్ణయిస్తారని చెప్పాను. రెండు నెలల్లో ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది. తర్వాత వచ్చిన మెరుగుదలలో ఎంత భాగం ట్రెటినాయిన్‌ది, ఎంత నిద్రది, ఎంత హార్మోన్‌ది అని విడదీసి చెప్పడం ఈ ఒక్క కేసుతో సాధ్యం కాదు. ముఖానికి మందు రాసింది నేనే కాబట్టి ఫలితమంతా నా ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు.

ఏడాది తర్వాత

అదే గది, అదే టార్చ్, అదే కోణం. పీల్ వల్ల వచ్చిన మరక ఎనిమిదో నెలకే పోయింది. ఎడమవైపు మచ్చలు 14 నుంచి 8 అయ్యాయి, మిగిలినవి పలచబడ్డాయి. కంటి చివర గీతలు ఉన్నాయి, కానీ కణత దాకా పాకడం లేదు. గరుకుతనం వేలికి తగలడం లేదు. కుడి ఎడమల తేడా దగ్గరగా చూస్తే ఇంకా తెలుస్తుంది. ట్రెటినాయిన్‌కు సమయం ఇవ్వాలని నేను పట్టుబట్టడానికి ఒక ఆధారం ఉంది. 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎండకు దెబ్బతిన్న చర్మం మీద 10 నుంచి 12 నెలలు రాశాక కొత్త కొల్లాజెన్ తయారీ 80 శాతం పెరిగింది, మందు లేని క్రీము రాసినవారిలో 14 శాతం తగ్గింది. మూడు నెలల్లో వేడుకకు అందుకునే మందు కాదు ఇది.

దవడ దగ్గర జారిన చర్మం మాత్రం అలాగే ఉంది. మొదటి రోజు మూల రాసి వదిలేసిన 9 కిలోల సంగతి ఇక్కడ ముందుకొచ్చింది. వయసుతో పాటు ముఖంలో కొవ్వు తగ్గుతుంది, కింద ఎముక కూడా కొంత కరుగుతుంది. దానికి తోడు బరువు వేగంగా తగ్గితే, పైన ఉన్న చర్మం నిలవడానికి కింద ఆధారం చాలదు. ఇది క్రీములతో తీరేది కాదు. ఈ మాట ఆమెకు మొదటి నెలలోనే చెప్పి ఉంటే, ఆ మడతల కోసం ఏడాది పాటు అద్దంలో వెతుక్కునేవారు కాదు. చర్మం కింద ఇంజెక్షన్‌తో నింపే ఫిల్లర్ల గురించి, పరికరాలతో చేసే చికిత్సల గురించి వివరించాను, వాటివల్ల కూడా ఆమె చర్మానికి రంగు మిగిలే ప్రమాదం ఎంతో కొంత ఉందనీ చెప్పాను. వద్దన్నారు. తగ్గిన బరువు ఆమె ఆరోగ్యానికి మంచిదే, దాన్ని వెనక్కి తెచ్చుకోమని ఎవరూ అనరు.

నేను మార్చుకున్నవి

ఎండలో తిరుగుతారా అని అడగడం మానేశాను. పగలు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారు, వెలుతురు ఎటునుంచి పడుతుంది, వాహనంలో ఏ పక్క కూర్చుంటారు అని అడుగుతున్నాను. జవాబులు పూర్తిగా మారిపోయాయి. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ గది లైటు ఆపి, టార్చ్‌తో రెండు పక్కలా చూస్తున్నాను. బాహువు లోపలి చర్మాన్ని చూడకుండా ముఖం గురించి ఏ మాటా చెప్పడంలేదు. అక్కడ కనిపించేదాన్ని ఆ మనిషి అసలు వయసుగా తీసుకుని, ముఖం మీద అంతకంటే ఎక్కువ ఉన్నదంతా బయటి లెక్కలో వేస్తున్నాను. మందు మోతాదును మాత్రం బాహువును బట్టే నిర్ణయిస్తున్నాను. పల్చగా, పొడిగా ఉంటే ముఖం మీద ఎంత ఎండ దెబ్బ ఉన్నా వారానికి రెండు రాత్రులతోనే మొదలు.

సన్‌స్క్రీన్ వాడుతున్నామన్నవారిని ట్యూబు తెమ్మంటున్నాను. పొట్టు లేస్తున్న చర్మం మీద పీల్ చేయడంలేదు, ఏ తేదీ దగ్గర పడుతున్నా సరే.

మొన్న వచ్చినప్పుడు ఆమె రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి చూపించారు. ఎడమ చేతి వెనకవైపు మచ్చలు ఎక్కువ, చర్మం గరుకు. పదహారేళ్ళు ఆ చెయ్యి కూడా ఆ కిటికీ పక్కనే బల్ల మీద ఆనించి ఉంది. ఏడాదిగా ఆ చేతులను ఇద్దరం పట్టించుకోలేదు. వారానికి రెండు రాత్రులు, మాయిశ్చరైజర్ మధ్యలో, అదే పద్ధతిలో ఇప్పుడు చేతులకు ట్రెటినాయిన్ మొదలుపెట్టాం.